చివరి పాటకు బేరమా?

మా అమ్మాయి గిటారు నేర్చుకుంటోంది. సాయంత్రం పూట మేడ మీద కూర్చుని వాయిస్తుంటే వంటింట్లో నాకూ హాయిగానే ఉంటుంది. మొన్న కిందికి దిగొచ్చి, "అమ్మా, బాబ్ డిలాన్ అని ఒకాయన ఉన్నాడు. తన పాట తనే రాసుకుని, గిటారు వాయిస్తూ తనే పాడతాడు. 2016లో ఆయనకి సాహిత్యంలో నోబెల్ ఇచ్చారు, తెలుసా?" అంది. తెలుసన్నాను. కానీ నా మనసు మాత్రం నర్సంపేట వైపున్న మా అత్తగారి ఊరికి పోయింది.

నాలుగేళ్ల కిందట మా అత్తమ్మ పోయింది. పదకొండో రోజున ఇంటి నిండా చుట్టాలు. ఆ హడావుడిలో ఒక జంట వచ్చింది. చనిపోయినవాళ్ల మీద పాట కట్టి పాడే కళాకారులు. మగవాళ్లంతా పందిట్లో మాటల్లో మునిగి ఉన్నారు. ఆ ఇల్లాలు మాత్రం నేరుగా వంట దగ్గరికి వచ్చి, "అవ్వ పేరేంది బిడ్డా? ఏం పని చేసేది? ఎవల మీద పానం ఎక్కువుండె?" అని మమ్మల్ని అడిగింది. మేం తలా ఒక మాట చెప్పాం. పత్తి చేన్ల పనులు, చిన్న కొడుకు కోసం దాచిన జొన్నరొట్టె, మోకాళ్ల నొప్పులు, ఎవరొచ్చినా "తిన్నవా?" అని అడగడం.

పావుగంట కూడా కాలేదు. అవన్నీ పాటలోకి వచ్చేశాయి! అతను ఒక మాట అందుకుంటే ఆమె దాన్ని సాగదీసి అప్పగించేది. జొన్నరొట్టె దగ్గరికి వచ్చేసరికి, పది రోజులుగా కంటతడి పెట్టని మా చిన్న మరిది స్తంభాన్ని పట్టుకుని ఏడ్చాడు.

పాట అయిపోయింది. బేరం మొదలైంది. వాళ్లు అడిగినదాంట్లో సగం చేతిలో పెట్టి "ఇదే ఎక్కువ" అన్నారు మావాళ్లు. వంటవాళ్లకీ టెంటువాళ్లకీ లెక్క ప్రకారం చెల్లించిన చేతులే అవి. నేనేం చేశాను? ఒక పాత చీర తెచ్చిచ్చి, పుణ్యం చేశాననుకున్నాను. వాళ్ల పేర్లు కూడా అడగలేదు.

2023లో 'బలగం' సినిమా వచ్చింది. చివర్లో కొమురయ్య పెద్దకర్మ నాడు ఇద్దరు కళాకారులు పాడుతుంటే హాల్లో ఏడవనివాళ్లు లేరు. ఊళ్లలో తెరలు కట్టి మరీ చూశారు. ఆ పాడిన దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ. మన దుగ్గొండి వాళ్లు. మనం ఎన్నో ఏళ్లుగా వాకిట్లో విన్న పాటే అది. తెర మీదికెక్కాక గానీ దాని విలువ మనకి తెలియలేదు. మూత్రపిండాల జబ్బుతో చాలా బాధపడి, 2024 డిసెంబర్ 19న మొగిలయ్య వరంగల్‌లో కన్నుమూశారు. ఊరూరా పోయినవాళ్ల మీద పాట కట్టిన మనిషి ఆయన.

మరో మొగిలయ్య కూడా ఉన్నారు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య. ఆయన వాద్యం పన్నెండు మెట్ల కిన్నెర. గిటారుకి మెట్లున్నట్టే దీనికీ మెట్లుంటాయి. వెదురుబొంగు, సొరకాయ బుర్రలు, తీగలు, తేనెమైనం. మన చుట్టూ దొరికేవాటితోనే తయారవుతుంది. దాన్ని మీటుతూ పండుగ సాయన్న లాంటి వీరుల కథలు పాడతారాయన. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకి, 2024లో, ఆయన కూలిపని చేస్తున్నారని పత్రికల్లో చదివి మనమంతా "అయ్యో" అన్నాం. బిరుదు వచ్చినా బువ్వ రాకపోతే ఎట్లా?

"వాళ్లను ఆదుకోవాల్సింది ప్రభుత్వం కదా?" అంటారు. నిజమే, ఆదుకోవాలి. పింఛను నెలనెలా అందాలి, వైద్యం సమయానికి జరగాలి. కానీ ఈ పాట బతికేది సభల్లో కాదు, మన ఇళ్ల ముందు. అక్కడ బేరమాడేది ప్రభుత్వం కాదు కదా, మనమే!

ఇంకొక్క మాట. 'బలగం' గురించి మాట్లాడేటప్పుడు చాలామంది "మొగిలయ్య పాట" అంటారు. ఆ పాటలో సగం గొంతు కొమురమ్మది. మా ఇంటికి వచ్చిన జంటలోనూ, వంట దగ్గరికొచ్చి పాటకి కావలసిన సంగతులన్నీ ఏరుకుపోయింది ఆ ఇల్లాలే. జొన్నరొట్టె సంగతి మగవాళ్లని అడిగితే తెలిసేదా చెప్పండి? ఒక ఆడమనిషి జీవితం ఇంకో ఆడమనిషి నోట పాటయింది. అయినా డబ్బు మాట మాట్లాడేటప్పుడు ఆమె వైపు ఎవరూ చూడలేదు. సంసారాల్లో మనకి జరిగేదే ఆమెకీ జరిగింది. అది అర్థం చేసుకోవలసిన నేనే పాత చీరతో సరిపెట్టాను.

అందుకే అక్కచెల్లెళ్లందరినీ అడుగుతున్నాను. ఇలాంటి రోజు మీ ఇంట్లో వచ్చినప్పుడు ఖర్చుల చీటీలో పాట పాడేవాళ్ల పద్దు కూడా ముందే రాయించండి. నలుగురితో పాటు వరసలో కూర్చోబెట్టి అన్నం పెట్టండి. ఆమె పేరు అడగండి. వాళ్లు ఒప్పుకుంటే ఆ పాటని ఫోన్‌లో రికార్డు చేసి దాచుకోండి. మీ అమ్మ మీద, మీ అత్తమ్మ మీద ఆ పాట మళ్లీ అదే విధంగా ఎవరూ కట్టలేరు.

మేము దాచుకోలేదు. మా అమ్మాయి నిన్న గిటారు పట్టుకుని "నానమ్మ పాట ఎట్లా ఉండె అమ్మా?" అని అడిగింది. జొన్నరొట్టె గురించి చెప్పగలిగాను. వరస మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తుకు రాలేదు.