పులికి బీరు, మనకు కేసు



బీరు తాగండి, అడవి జంతువులను కాపాడండి అని చెప్పే వ్యాపారం ఒకటి నడుస్తున్నది. అందులో బాగా పేరుపడ్డది సింగపూర్ టైగర్ బీరు. 1932లో పుట్టిన బ్రాండు. 2017లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌తో కలిసి, సీసాల మీద ఉండే పులి బొమ్మను కొంతకాలం తీసేసింది. ప్రపంచంలో మిగిలిన అడవి పులులు 3,890 అని అప్పటి లెక్క. ఆ అంకెనే ప్రచారానికి పేరు చేసుకున్నారు. పులుల కోసం 10 లక్షల డాలర్ల విరాళం ప్రకటించారు.

ఇచ్చారు, మంచిదే. పులి బతకొద్దని మనలో ఎవ్వరం అనం. పులికి మొక్కే ఆచారం ఉన్నోళ్లం మనం. మన గొడవ అది కాదు.

ఆ బీరు పుట్టిన సింగపూర్‌లో ఇయ్యాల అడవి పులి ఒక్కటి కూడా లేదు. ఉన్నవాటిలో సగానికి పైగా మన దేశంలోనే ఉన్నాయి. 2022 లెక్కలో మన దేశపు సగటు అంచనా 3,682. ఆ పులులు ఏ అడవుల్లో మిగిలాయి? నల్లమలలో చెంచుల పక్కన, కన్హాలో బైగాల పక్కన, కర్ణాటక బీఆర్ హిల్స్‌లో సోలిగల పక్కన. తరతరాలు పులితో కలిసి బతికినవాళ్ల పేరు ఏ సీసా మీదైనా ఉందా? సీసా కొన్నోడు పులి రక్షకుడు. పులి పక్కన పశువులు కాసినోడు ఆక్రమణదారు. మన కోపం ఈ లెక్క మీద.

మాటలు కాదు, కాగితాలే చూద్దాం. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. టైగర్ రిజర్వుల కోర్ ఏరియాల్లో ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నాయి, తరలింపు త్వరగా చేయండి అని. కుటుంబానికి ప్యాకేజీ 15 లక్షలు. బీరు కంపెనీ ఇచ్చిన 10 లక్షల డాలర్లు అప్పట్లో దాదాపు ఆరున్నర కోట్ల రూపాయలు. ఈ రేటుకు అది 43 కుటుంబాల ధర. ఆ డబ్బు అందుకే వాడారని మనం అనట్లేదు. ప్రపంచం చప్పట్లు కొట్టిన దానం ఎంతో, మన ఇల్లు, వాకిలి, దేవర గద్దె, పెద్దల సమాధులు అన్నీ కలిపి కట్టిన వెల ఎంతో పక్కపక్కన పెట్టి చూడమంటున్నాం.

ఇది ఎక్కడో దూరం ముచ్చట కాదు. కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వు చేశారు. అక్కడి మైసంపేట, రాంపూర్ ఇప్పటికే అడవి బయటికి వచ్చేశాయి. ఇంకా లోపల ఉన్న గూడేలకు రేపు అదే మాట వస్తుంది.

మనుషులుంటే పులి బతకదా? బీఆర్ హిల్స్‌లో 2011లో సోలిగలకు సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. టైగర్ రిజర్వులో అలా రావడం దేశంలో అదే మొదలు. 2010 నుంచి 2014 మధ్య అక్కడ పులులు 35 నుంచి 68కి పెరిగాయి. మనుషులు అడవిలోనే ఉన్నారు, పులులూ పెరిగాయి. అన్నిచోట్లా ఇట్లనే జరుగుతుందని కాదు. కానీ అక్కడ సాధ్యమైంది ఇక్కడ సాధ్యం కాదని నిరూపించాల్సింది మనం కాదు, ఖాళీ చేయమనేవాళ్లు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(2) చెప్పేది కూడా అదే. ముందు హక్కులు తేల్చాలి. కలిసి బతకడం కుదరదని చూపించాలి. గ్రామసభ ఇష్టపూర్వకంగా రాతలో ఒప్పుకోవాలి. అప్పుడే తరలింపు.

ఇక సారా సంగతి. ఇప్పచెట్టును మనం నరకం. పువ్వు దానంతటదే రాలితే తెల్లారుజామున ఏరుకుంటాం. పెళ్లికీ, పండుగకూ, చావుకూ ఆ సారా చుక్క పడనిదే పని కాదు. కానీ గూడెంలో బట్టీ పెడితే కుండలు పగులుతాయి, కేసు పడుతుంది. ఇది ఇయ్యాల్టిది కాదు. 1892లోనే బ్రిటిష్‌వాళ్లు బొంబాయి ప్రాంతంలో ఇప్పపువ్వు మీద ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. ఇప్పుడు మధ్యప్రదేశ్ ప్రభుత్వం అదే ఇప్పసారాకు హెరిటేజ్ మద్యం అని పేరు పెట్టింది. మన కుండలో ఉంటే నేరం, సీసాలోకి ఎక్కితే వారసత్వం!

"అట్లయితే తాగుడును సమర్థిస్తున్నారా?" అని మనోళ్లే అడుగుతారు. లేదు. తాగుడుతో కూలిన ఇళ్లు మన గూడేల్లో ఎన్ని లేవు! సారా మీద ముందు తిరగబడ్డది ఆడవాళ్లే, 90లలో ఈ రాష్ట్రం మొత్తం చూసింది. మనం అడిగేది ఒక్కటే: వద్దన్నా, కావాలన్నా ఆ మాట ఎవరిది? 1996 పెసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలన్నది. మరి మీ ఊరి బెల్టు షాపు ఏ గ్రామసభ తీర్మానంతో వచ్చింది? ఇంటి సారాకు కేసు, బెల్టు షాపుకు దారి. అట్లాంటప్పుడు దాన్ని మద్య నియంత్రణ అనరు, మార్కెట్ ఖాళీ చేసి ఇవ్వడం అంటారు.

సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మూడు పనులు చేద్దాం. మన ఊరికి సామూహిక హక్కుల దరఖాస్తు పెట్టారా, పెడితే ఎక్కడ ఆగిందో కనుక్కుందాం. తరలింపు కాగితం మీద పెద్దలు వేలిముద్ర వేసే ముందు, అందులో ఏముందో మనమే చదివి మన భాషలో చెబుదాం. ఊళ్లో మందు ఉండాలా వద్దా అన్నది గ్రామసభలో, ఆడవాళ్లు ముందు కూర్చుని తేల్చేలా చూద్దాం. మన ఇండ్లల్లో మొదట చదువుకున్నది మనమే. ఆ కాగితం చదవకుంటే ఈ చదువు ఎందుకు?

పులి బొమ్మను సీసా మీద నుంచి తీసి మళ్లీ పెట్టొచ్చు. గూడేన్ని ఒకసారి తీస్తే మళ్లీ పెట్టలేం.

జై ఆదివాసీ!