డెమో చూసి మురిసిపోకు బాసూ!

సోమవారం రాత్రి ఒంటిగంటన్నర. ఫోన్ టింగ్‌మంది. పాత ఆఫీసులో నా పక్క సీటు తమ్ముడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి, ఇంట్లోనే సిస్టమ్ పెట్టుకుని త్రీడీ పనులు చేసుకుంటున్నాడు.

‘‘అన్నా, పడుకున్నవా? రెండరర్ మారుద్దామనుకుంటున్నా. యూట్యూబ్‌ల డెమో చూసిన. పది రెట్లు ఫాస్టంట!’’

‘‘డెలివరీ ఎప్పుడు?’’

‘‘గురువారం.’’

అంతే, నా నిద్ర ఎగిరిపోయింది. ఎందుకంటే అచ్చం ఇదే తప్పు నేనూ చేశాను. డబ్బు పోగొట్టుకున్నాను. ఈ వారం ఆ ముచ్చటే.

నా నెక్లెస్ కథ

ఫ్రీలాన్స్‌గా వచ్చిన మొదటి పెద్ద పని. ఓ నగల షాపు యాడ్. వెల్వెట్ గుడ్డ మీద నెక్లెస్ మెల్లగా తిరగాలి, పది సెకన్లు. సెకనుకు 24 ఫ్రేములు, అంటే మొత్తం 240. నా పాత రెండరర్‌లో ఒక్కో ఫ్రేముకి 20 నిమిషాలు. లెక్కేస్తే 80 గంటలు. మూడు రోజులు దాటిపోతుంది.

అప్పుడే ఓ కొత్త రెండరర్ డెమో కంటపడింది. ఎర్ర కారు, తళతళలాడే ఫ్లోరు. ఫ్రేముకి మూడు నిమిషాలట! అంటే నా పని 12 గంటల్లో అయిపోతుంది. ఇంకేం ఆలోచించలేదు. సీన్ మొత్తం అందులోకి మార్చేసి, రెండర్ పెట్టి హాయిగా పడుకున్నా.

పొద్దున్నే లేచి ఒక్కో ఫ్రేమూ చూస్తే సూపర్. వీడియోగా ప్లే చేస్తే గుండె జారింది. రాళ్ల మీద, గుడ్డ మీద చీమలు పాకుతున్నట్టు ఒకటే మిణుకు. అదే ఫ్లికర్. అంతలో క్లయింట్ ఫోన్: ‘‘బాగానే ఉంది గానీ, ఎర్ర రాళ్లు ఒక్కటే కాస్త మెరిసేలా చెయ్యండి.’’ మామూలుగా కంప్‌లో పది నిమిషాల పని అది. కానీ రాళ్లకి విడిగా మాస్క్ రెండర్ చేసుకోలేదు. ఆ రెండరర్‌లో అది ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు.

చివరికి పాత రెండరర్‌లోనే మళ్లీ పెట్టా. మూడు రోజులు లేటు. చేతికొచ్చింది సగం డబ్బే. అందులోంచి కరెంటు బిల్లు కట్టా.

తప్పు ఆ సాఫ్ట్‌వేర్‌ది కాదు. కొత్త బండి కొనేటప్పుడు కూడా ఓ రౌండు వేసి చూస్తాం కదా! నేను ఆ రౌండ్ కూడా వెయ్యలేదు.

ముందు రెండు ముక్కలు

ఈ ఫీల్డు కానివాళ్ల కోసం చెబుతున్నా. కంప్యూటర్లో తయారుచేసిన వస్తువు, లైటు, కెమెరా అన్నీ లెక్కగట్టి బొమ్మగా మార్చడం రెండరింగ్. అలా వచ్చిన బొమ్మల్ని షూటింగ్ ఫుటేజీతోనో, ఒకదానితో ఒకటో అతుకు కనపడకుండా కలిపి ఫైనల్ చేయడం కంపోజిటింగ్. అన్నం ఒకచోట, కూర ఒకచోట వండినా తినేటప్పుడు కలవాల్సిందే. అందుకే రెండరర్ ఎంత గొప్పదో కంప్ టేబుల్ మీదే తేలుతుంది. ఆ సంగతి డెమో వీడియోల్లో కనిపించదు.

మీ షాటే పరీక్ష పేపర్

డెమోలో కారు ఎందుకుంటుంది? నున్నగా ఉంటుంది కాబట్టి. జుట్టు, పొగ, నీళ్లు, చిన్న కిటికీ వెలుతురొక్కటే ఉన్న గది... కష్టాలన్నీ ఇక్కడే. కాబట్టి మీ పాత పనుల్లో మిమ్మల్ని ఏడిపించిన షాట్ ఒకటి తీయండి. కొత్త సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వాల్సిన పరీక్ష పేపర్ అదే.

పెద్దవాళ్లదీ ఇదే బాధ. 1984లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీవాళ్లు ఓ చిన్న పెట్టె లాంటి గది సీన్‌తో లైటింగ్ లెక్కలు పరీక్షించారు. కార్నెల్ బాక్స్ అంటారు దాన్ని. ఇప్పటికీ వాడుతున్నారు. కానీ సినిమా సీన్లు పెట్టెలంత సింపుల్‌గా ఉండవుగా! అందుకే డిస్నీ 2018లో ‘మోవానా’ సినిమాలోని దీవి సీన్ డేటా మొత్తాన్ని రెండరర్లు పరీక్షించుకోవడానికి బయటపెట్టింది.

‘పది రెట్లు’ అంటే ఏ క్వాలిటీలో?

రెండర్‌లో కనిపించే గరుకు చుక్కలే నాయిస్. దాన్ని సగం చేయాలంటే శాంపిల్స్ రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు కావాలి. పావు వంతుకు దించాలంటే పదహారు రెట్లు. అందుకే ‘పది రెట్లు ఫాస్ట్’ అని ఎవరైనా అంటే నాయిస్ కూడా సమానంగా ఉందా అని అడగండి. నాయిస్ ఎక్కువ వదిలేస్తే ఏ రెండరరైనా ఫాస్టే.

ఇప్పుడు డీనాయిజర్లు వచ్చాయి. తక్కువ శాంపిల్స్‌తో రెండర్ చేసి, మిగిలిన మచ్చల్ని తుడిచేస్తాయి. ఫొటో ఒక్కటైతే అద్భుతం. వీడియోలో మాత్రం ఒక్కో ఫ్రేమును విడివిడిగా తుడిస్తే, ప్రతి ఫ్రేములో కాస్త వేరేలా తుడుస్తుంది. నా నెక్లెస్ మీద చీమలు అవే! కాబట్టి ఒక్క ఫ్రేము చూసి ఓకే అనొద్దు. కనీసం రెండు సెకన్లు, అంటే 48 ఫ్రేములు, కెమెరా కదులుతుండగా రెండర్ చేసి ప్లే చేసి చూడండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. టైమ్ చూసేటప్పుడు మొదటి ఫ్రేము వదిలేయండి. సాఫ్ట్‌వేర్ సర్దుకోవడానికి అప్పుడు అదనపు టైమ్ పట్టొచ్చు. రెండోది మెమరీ. మీ గ్రాఫిక్స్ కార్డులో ఉన్నది 8 జీబీ అయితే, డెమో చేసినవాడి 24 జీబీ కార్డు స్పీడు మీకు రాదు. టెక్స్‌చర్లు నిండగానే క్రాష్ అవ్వొచ్చు, లేదా నత్తనడక నడవొచ్చు.

కంప్ టేబుల్ మీద చూడాల్సినవి

రెండర్ బాగా వచ్చిందా? అయితే కంప్‌లోకి తెచ్చి ఈ నాలుగూ చూడండి.

ఒకటి, ఫైల్. ఈఎక్స్ఆర్ ఫార్మాట్‌లో ఇస్తుందా? 2003లో ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ స్టూడియో అందరికీ ఉచితంగా విడుదల చేసిన ఫార్మాట్ ఇది. మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. ఈఎక్స్ఆర్‌లో అంతకంటే ఎన్నో రెట్లు సమాచారం ఉంటుంది. ఎక్స్‌పోజర్ పెంచినా తగ్గించినా బొమ్మ విరిగిపోదు.

రెండు, పాస్‌లు. వెలుగు, మెరుపు, ప్రతిబింబం విడివిడిగా తీసుకుని లెక్క ప్రకారం కలిపితే అసలు బొమ్మ మళ్లీ రావాలి. రెండిటి తేడా తీస్తే నల్లగా రావాలి. డీనాయిజ్ చేయకముందు చూడండి. నల్లగా లేదంటే ఎక్కడో లెక్క తప్పింది.

మూడు, క్రిప్టోమ్యాట్. 2015లో వచ్చిన పద్ధతి. ఇది ఉంటే కంప్‌లో వస్తువు మీద క్లిక్ చేస్తే చాలు, మాస్క్ రెడీ. మసకగా ఉన్న అంచులు కూడా నీట్‌గా వస్తాయి. నా ఎర్ర రాళ్లకి కావాల్సింది ఇదే!

నాలుగు, రంగు. రెండరర్‌లో కనిపించిన రంగే కంప్ సాఫ్ట్‌వేర్‌లోనూ కనిపిస్తోందా? లేకపోతే రెండుచోట్లా కలర్ సెట్టింగులు కలవలేదన్నమాట. క్లయింట్ ‘బంగారం పసుపుగా లేదేంటి’ అని అడగకముందే సరిచేసుకోండి.

ఫ్రీ అంటే దేనికి ఫ్రీ?

మనలో చాలామంది మొదలయ్యేది ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోనే. తప్పేం లేదు. కానీ షరతులు చదవాలి.

బ్లెండర్ పూర్తిగా ఉచితం. 2002లో దాని అభిమానులు లక్ష యూరోలు పోగేసి మరీ దాన్ని ఓపెన్ సోర్స్ చేయించారు. దాంతో చేసిన పని మీదే, బిల్లు వేసుకోవచ్చు. డావిన్చి రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో 2018 నుంచి ఫ్యూజన్ అనే కంపోజిటింగ్ భాగం కూడా ఉంది. చిన్న యాడ్ పనులకు బాగా సరిపోతుంది. న్యూక్ నాన్ కమర్షియల్ మాత్రం పేరులోనే చెబుతోంది, నేర్చుకోవడానికే. హౌడినీ అప్రెంటిస్ కూడా అంతే, రెండర్ మీద వాటర్‌మార్క్ వేస్తుంది. వీటిలో నేర్చుకోండి, ఉద్యోగానికి పనికొస్తాయి. క్లయింట్ పని మాత్రం చేయొద్దు.

ఇంకో మాట. సాఫ్ట్‌వేర్లూ పోతాయి. ఒకప్పుడు పెద్ద పెద్ద సినిమాలకు వాడిన షేక్ అనే కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని యాపిల్ 2009లో ఆపేసింది. సాఫ్ట్‌ఇమేజ్ కథ 2014లో ముగిసింది. మెంటల్ రే రెండరర్ అమ్మకాలు 2017లో ఆగిపోయాయి. వాటిని నమ్ముకున్నవాళ్లు మళ్లీ కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. అందుకే బటన్లు కాదు, లైటింగ్, రంగు, మాస్క్ ఎలా పనిచేస్తాయో నేర్చుకోండి. ఫైల్స్ కూడా అందరూ తెరవగల ఫార్మాట్‌లో ఒక కాపీ దాచుకోండి.

పని మధ్యలో వెర్షన్ మార్చడమూ ఇలాంటి పొరపాటే. బ్లెండర్ 4.2 వెర్షన్ 2024లో వచ్చినప్పుడు అందులోని ఈవీ రెండరర్‌ని కొత్తగా రాశారు. చాలా బాగుంది. కానీ వెలుగు చుట్టూ కాంతి వచ్చే బ్లూమ్ ఆప్షన్ ఈవీలోంచి పోయింది, కంపోజిటర్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది. మధ్యలో అప్‌డేట్ కొట్టినవాళ్ల పాత షాట్లలో మెరుపులు మాయం!

అలాగని కొత్తదాన్ని తీసిపారేయొద్దు. అదే ఈవీతో రెండర్ చేసిన లాత్వియా సినిమా ‘ఫ్లో’ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ కొట్టింది. అచ్చం నిజంలా కనిపించాలని ఆ టీమ్ పట్టుబట్టలేదు. పెయింటింగ్‌లా ఉండే లుక్ ఎంచుకుంది. ఆ లుక్‌కి ఈవీ సరిపోయింది. నా నెక్లెస్‌కి ఏది సరిపోతుందో నేనే చూసుకోవాల్సింది.

ఇంతకీ తమ్ముడేం చేశాడు?

ఇదంతా ఆ రాత్రి వాడికి ఫోన్లో చెప్పా. ‘‘ఇప్పుడున్న పని పాతదాంట్లోనే కానియ్. ఆదివారం నాలుగు గంటలు పెట్టుకో. ఒక పాత షాట్ తీసుకుని మొదటి నుంచి ఫైనల్ దాకా కొత్తదాంట్లో చేసి చూడు. టైమ్, మెమరీ, ఫ్లికర్, కంప్, లైసెన్స్... ఈ ఐదింటికీ కాగితం మీద టిక్కో, ఇంటూనో పెట్టు’’ అన్నా. కాస్త సణిగాడు. విన్నాడు.

గురువారం డెలివరీ అయిపోయింది. ఆదివారం సాయంత్రం కాగితం ఫొటో పంపాడు. మూడు టిక్కులు, రెండు ఇంటూలు. గది లోపలి షాట్‌లో ఫ్లికర్, మెమరీ రెండూ ఫెయిల్. కింద రాసుకున్నాడు: ‘క్లయింట్‌కి ప్రివ్యూ చూపించడానికి కొత్తది. ఫైనల్‌కి పాతదే. ఆర్నెల్ల తర్వాత మళ్లీ పరీక్ష.’

ఫొటో కింద ఇంకో మెసేజ్: ‘‘అన్నా, నీకు పోయిన సగం డబ్బుకి నా తరఫున బిర్యానీ. ఎప్పుడొస్తవ్?’’