పాత కిటికీ మూసేముందు...

బాయిలోకి దిగే కార్మికుడు మస్టర్ పడ్డాక ఎక్కడికెళ్తాడు? లాంప్ రూమ్‌కి. అక్కడ కిటికీ దగ్గర తన దీపం అందుకుంటాడు. లోపల బ్యాటరీలకు ఛార్జింగ్ ఎలా పెడతారో, దీపాలను ఏ వరసలో పేరుస్తారో అతనికి అనవసరం. కిటికీ ఎక్కడుందో, ఏమని అడగాలో తెలిస్తే చాలు. గోదావరిఖనిలో ఇది ఏ ఇంట్లోవాళ్లకైనా తెలిసిన సంగతే.

మన జేబులోని ఫోన్‌లోనూ ఇలాంటి కిటికీలే ఉంటాయి. అన్ని ప్రోగ్రాములకూ అడుగున ఉండి ఫోన్‌ను నడిపించే దాన్ని కెర్నల్ అంటారు. గింజలోని పప్పు అన్నమాట! మెమరీ, కెమెరా, గడియారం... అన్నీ దాని అధీనంలోనే. ఏ ప్రోగ్రాముకు ఏం కావాలన్నా కెర్నల్‌నే అడగాలి. అలా అడిగేందుకు ఏర్పాటు చేసిన కిటికీయే ‘ఇంటర్‌ఫేస్’. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది లినక్స్ కెర్నల్. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు సరదాగా మొదలుపెట్టిందది.

మూడు దశాబ్దాలు దాటిన ఇంటికి పాత కిటికీలు ఉండకుండా ఎలా ఉంటాయి? వాటిని మూసేస్తే పోదా అనిపిస్తుంది. అక్కడే వచ్చింది చిక్కు. ఎప్పుడో పదేళ్ల కిందట రాసిన ప్రోగ్రాముకు ఆ పాత కిటికీ ఒక్కటే తెలుసు. అది మూసిన రోజున ఆ ప్రోగ్రామూ ఆగిపోతుంది. అందుకే లినక్స్‌లో టోర్వాల్డ్స్ ఒక కట్టుబాటు పెట్టారు. కెర్నల్‌ను ఎంతైనా మార్చండి, కానీ నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాము ఆ మార్పువల్ల ఆగిపోకూడదు... ఇదీ దాని సారాంశం.

అలాగని పాతవన్నీ తెరిచే ఉంచితే? ప్రతి కిటికీకీ ఒక కాపలాదారు కావాలి. ఎవరూ వాడని కిటికీని పట్టించుకునేవాళ్లుండరు. దొంగ వెతికేది సరిగ్గా అలాంటిదాన్నే! కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు మూయక తప్పదు. ఎలా మూయాలన్నదే ప్రశ్న.

దీనికో మంచి ఉదాహరణ ఉంది. కెర్నల్ అమరికలను చూడటానికీ మార్చడానికీ ‘సిస్‌కంట్రోల్’ అనే పాత పిలుపు ఉండేది. దాంట్లో ప్రతి అమరికకూ ఒక నంబరు. తర్వాత అదే పనిని నంబర్లతో కాకుండా పేర్లతో, మామూలు ఫైళ్లు చదివినంత తేలిగ్గా చేసుకునే ఏర్పాటు వచ్చింది. అయినా పాతదాన్ని వెంటనే తీసేయలేదు. 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కెర్నల్ నుంచి, ఎవరైనా ఆ పిలుపు వాడితే చిట్టాలో ఒక హెచ్చరిక నమోదయ్యేది. పని మాత్రం ఆగేది కాదు. చివరికి దాన్ని తొలగించింది 2020 జనవరిలో, 5.5 కెర్నల్‌లో. అంటే హెచ్చరికకూ మూతకూ మధ్య పన్నెండేళ్లు!

ఇది కెర్నల్ రాసేవాళ్ల బాధ్యత. ప్రోగ్రాములు రాసేవాళ్లకు మరో తలనొప్పి. కొత్త కెర్నల్ వచ్చినంతమాత్రాన అందరి యంత్రాల్లోకీ అది రాదు. కొన్నేళ్ల కిందటి ఫోన్లు, ఇంట్లో వైఫై పెట్టెలు పాత కెర్నల్‌తోనే నడుస్తుంటాయి. వాటిలో కొత్త కిటికీ అసలు ఉండనే ఉండదు. మరెలా?

గనిలోంచి బయటికి రావడానికి కనీసం రెండు వేర్వేరు దారులుండాలని చట్టం చెబుతుంది కదా... ఇక్కడా అదే సూత్రం. ముందు కొత్త కిటికీ దగ్గర అడుగు. అలాంటిది ఇక్కడ లేదని జవాబొస్తే పాత కిటికీకి వెళ్లు. గడియారం విషయంలో జరిగింది ఇదే. పాత 32 బిట్ల పద్ధతిలో కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ వస్తున్నాయి. ఆ లెక్క 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. మరుక్షణం తేదీ 1901కి వెళ్లిపోతుంది! అందుకని 2019లో వచ్చిన 5.1 కెర్నల్‌లో 32 బిట్ల యంత్రాల కోసం పెద్ద అంకెలు పట్టే కొత్త కిటికీలు తెరిచారు. పాతవి మూయలేదు. లినక్స్‌లో ఎన్నో ప్రోగ్రాములు ఆధారపడే ‘జీలిబ్‌సీ’ ముందు కొత్తదాన్ని అడుగుతుంది, లేదంటే పాతదాంతో సర్దుకుంటుంది. అయితే ఆ సర్దుబాటు 2038 దాకానే. రెండో దారి గడువు ఇస్తుందే గానీ, గడువును శాశ్వతం చేయదు.

ఇదంతా ఇంజినీర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. 2021 నవంబరు 1న ఆండ్రాయిడ్ 4.0.4, అంతకన్నా పాత ఫోన్లకు వాట్సాప్ ఆగిపోయింది. కంపెనీ ముందుగా చెప్పే ఆపింది. కానీ పిల్లలు వాడి ఇచ్చిన ఫోన్‌తోనే సరిపెట్టుకునే పెద్దాయనకు ఆ ప్రకటన చేరుతుందా?

తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన తరం ఇప్పుడు పింఛను మీద బతుకుతోంది. పింఛను అందాలంటే ఏటా తాము బతికే ఉన్నామని రుజువు చూపాలి. ఇంతకుముందు అది కాగితమే. 2014 నవంబరులో వేలిముద్రతో ‘జీవన్ ప్రమాణ్’ వచ్చింది. 2021 నవంబరులో ఫోన్‌కు ముఖం చూపిస్తే చాలన్నారు. మంచి సౌకర్యమే. కానీ పాత ఫోన్‌లో ఆ యాప్ పనిచేయకపోవచ్చు. బొగ్గు పనిలో అరిగిన వేళ్ల ముద్రలు యంత్రానికి అందకపోవచ్చు. అలాంటివాళ్లకు కాగితం పద్ధతే రెండో దారి. అదీ లేకపోతే, బతికున్న మనిషి లెక్కలో లేకుండా పోతాడు.

అందుకే ఈసారి ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నల ఫోన్ ఒకసారి తీసి చూడండి. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ దగ్గర ఆండ్రాయిడ్ వెర్షన్ కనిపిస్తుంది. వాళ్లు రోజూ వాడే యాప్‌లకు అది ఇంకా సరిపోతుందా? ఫొటోలు, ఫోన్ నంబర్లు మరోచోట భద్రంగా ఉన్నాయా? ఫోన్ మొరాయిస్తే పింఛను పనికి ఏ కౌంటర్‌కి వెళ్లాలో వాళ్లకు తెలుసా?

కొత్త కిటికీ తెరవడం, అందరికీ చెప్పడం, ఆగడం, ఆ తర్వాతే పాతది మూయడం. వరస ఇదైతే ఎవరికీ నష్టం లేదు. వరస తప్పితే మాత్రం, అందరికన్నా వెనక నిలబడ్డ మనిషికే ముందుగా తలుపు మూసుకుంటుంది.