విశేషణములును ఇంటివారును

"మా తల్లి", "మా తండ్రి", "మా అక్క" యను వ్యాసములు క్రింది తరగతులలో ఏటేట వ్రాయించుట పరిపాటి. నలువది కాగితములు దిద్ది ముగించునప్పటికి నలువదిమంది తల్లులును ఒక్కతెయే యనిపించును. అందఱును సుగుణవతులు, దయగలవారు, అందమైనవారు. బాలురు బొంకిరని మేమనము. నల్లబల్లపై విశేషణముల పట్టిక వ్రాసి "వీనిలో నైదింటిని వాడుడు" అనెడి పద్ధతియే యిట్టి తల్లులను పుట్టించుచున్నది.

ఇంగ్లీషు పాఠముల నీడయు దీనిపై కలదు. "నా తల్లి", "నా పెద్ద సోదరి" యని పిల్లలు వ్రాయుదురు. మన యిండ్లలో ఒక్కగానొక్క కొడుకైనను "మా అమ్మ" యనును గాని "నా అమ్మ" యనడు. అక్క యన్నపుడు పెద్దతన మందులోనే యున్నది. పెత్తండ్రి, పినతండ్రి, పెద్దమ్మ యను మాటలలో విశేషణము విశేష్యముతో ఎన్నడో కలిసిపోయినది. పెద్దమ్మ పొట్టిదైనను ఎవరికిని తప్పు తోచదు!

మఱియొక చిక్కు కలదు. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణము చదివినవా రెఱుగుదురు: మన భాషలో స్త్రీవాచకము ఏకవచనమున పశువులతోను జడములతోను, బహువచనమున పురుషులతోను నడచును. కావున "మా అమ్మ మంచిది", "మా ఆవు మంచిది", "మా బావి మంచిది" అన్నింటికి నొక్కటే రూపము. దీనికి సంకోచించి కొందఱు ఉపాధ్యాయులు ప్రతి "మంచిది"ని కొట్టివైచి "మంచివారు" అని దిద్దుదురు. మే మీ దిద్దుబాటునకు సమ్మతింపము. ఇంట తల్లిని "నీవు" అని పిలుచుకొను బిడ్డ వ్రాతలో "మంచిది" యనుట అగౌరవము గాదు, చనువు.

ఆ మాటలోని లోపము లింగమువలన వచ్చినది గాదు. అది వట్టి మాటగుటవలన వచ్చినది. ఆవును, బావిని, తల్లిని వేఱుపఱుపలేని విశేషణ మెందులకు? తెలుగున క్రియనుండి విశేషణమును చేసికొను వెసులుబాటు మెండు. వ్యాకరణమున దీనిని ధాతుజ విశేషణ మందురు. కోడి కూయకమునుపే లేచు అమ్మ. అన్నము చాలనినాడు తన కాకలి లేదను అమ్మ. సంతకు పోయి చీకటిపడినగాని రాని నాన్న. ఇవి పట్టికలో దొరకవు, బిడ్డ కన్నులలో దొరకును.

ఎనిమిదవ తరగతి బాలు డొకడు తండ్రినిగూర్చి వ్రాసిన కాగితమున ఒకచోట చెఱిపివేత యుండెను. వెలుతురున కెత్తి చూడగా "మాటాడని నాన్న" యను అక్షరములు కనబడినవి. వానిమీద "దయాళువు" అని ముత్యములవంటి వ్రాతతో దిద్దబడియున్నది. ఆ పిల్లవాని కెవరు భయము నేర్పిరి? మేము మార్కు వేసినది చెఱిపిన మాటకు. దానిని మరల వ్రాయుమని మాత్రము బలవంతపెట్టలేదు.

తండ్రి లేనివాడును, పినతల్లి యింట పెరుగువాడును ఆ తరగతిలోనే కూర్చుండియుందురు. కావున "మా తండ్రి" యను శీర్షిక తీసివైచి, "మీ యింట నొకరినిగూర్చి వ్రాయుడు" అని ప్రశ్న నిచ్చుట మేలని మా యభిప్రాయము. ఎవరినిగూర్చి వ్రాయవలెనో పిల్లవాడే నిర్ణయించుకొనును. పట్టికను వ్యాసము వ్రాయించుటకు ముందే నల్లబల్లపైనుండి తుడిచివేయవలెను.