తెర పచ్చగా ఉంటే సరిపోదు!

‘మెకానికల్ చదివి చివరికి పానా పట్టుకుంటావా?’ గోదావరి జిల్లాల్లో డిప్లొమా, బీటెక్ పూర్తిచేసిన కుర్రాళ్లకు ఇంట్లో తప్పని ప్రశ్న ఇది. నన్నడిగితే పానా పట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఎందుకు తిప్పుతున్నామో తెలియకుండా తిప్పడమే తప్పు. ఆ తేడా నాకు ఒక పికప్ బండి ముందు చక్రాల దగ్గర తెలిసింది.

మా బాబాయి కడియం నర్సరీల నుంచి మొక్కలు వేసుకెళ్లే చిన్న పికప్ నడుపుతాడు. కుదుపులకు కుండీలు పగిలిపోతున్నాయని ముందు కమాన్ కట్టల్లోంచి చెరో పట్టీ తీయించేశాడు. బండి ముందు భాగం కిందికి దిగింది. కుదుపూ తగ్గింది. చూడ్డానికి బాగుందని తోటి డ్రైవర్లు మెచ్చుకున్నారు కూడా. నాలుగు నెలలు తిరక్కుండానే ముందు టైర్లు లోపలి అంచున గుండైపోయాయి. స్టీరింగ్ వదిలితే చాలు, బండి ఎడమకి లాగేస్తోంది.

రెండు చోట్ల అలైన్‌మెంట్ చేయించాడు. రెండు చోట్లా కంప్యూటర్ తెర మీద అంకెలు పచ్చగానే వచ్చాయి. డబ్బులు తీసుకుని కాగితం చేతిలో పెట్టారు. కొత్త టైర్లూ అలాగే అరిగాయి. నెల తిరిగేసరికి బండి కిస్తీ కట్టాల్సిన మనిషికి జత టైర్లంటే మాటలు కాదు.

మూడోసారి ఒక పాత మేస్త్రి షెడ్డుకి వెళ్లాం. అక్కడ మిషన్ దగ్గరున్నది డిప్లొమా చదివిన కుర్రాడే. చక్రాలకి సెన్సర్లు తగిలించబోతుంటే మేస్త్రి ఆపాడు.

‘‘బాబూ, బండి ఎత్తు కొలిచావా?’’

‘‘లేదండి. మిషన్ చూపిస్తది కదండీ?’’

‘‘చక్రం ఎటు చూస్తందో మిషన్ చెబుద్ది. ఎందుకలా చూస్తందో నువ్వు చెప్పాల.’’

టేపుతో కొలిస్తే కుడి పక్క కంటే ఎడమ పక్క దిగి ఉంది. జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంది. కింగ్‌పిన్ బుష్‌లు అరిగిపోయాయి.

ఇందులో ఉన్నవన్నీ మన క్లాసు పాఠాలే. ముందు చక్రానికి మూడు కోణాలు. పైనుంచి చూసినప్పుడు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం టో. ఎదురుగా చూసినప్పుడు చక్రం తల అటో ఇటో వాలడం క్యాంబర్. పక్కనుంచి చూసినప్పుడు, చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత వాలు క్యాస్టర్. ఎత్తు మారితే వీటిలో మార్పు వస్తుంది. ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండిని దించితే సాధారణంగా చక్రం తల లోపలికి వాలుతుంది, టో కూడా చెదురుతుంది. 2005లో వచ్చిన టాటా ఏస్ లాంటి రిజిడ్ యాక్సిల్ బండిలో మామూలుగా సర్దగలిగేది టో ఒక్కటే. అక్కడ కమాన్ వంపు తగ్గితే క్యాస్టర్, స్టీరింగ్ లింకుల కోణం మారతాయి. కింగ్‌పిన్‌లో ప్లే ఉంటే ఇంకా మోసం. షెడ్డులో కదలకుండా నిలబడ్డ బండికి అంకెలు బాగానే వస్తాయి. రోడ్డెక్కాక చక్రం తన దారి తనది అంటుంది.

చిన్న తేడాయే కదా అనుకోకండి. 12 అంగుళాల రిమ్ముల మధ్య దూరం ముందు, వెనక కొలిచినప్పుడు తేడా ఉండాల్సిన దానికంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చిందనుకుందాం. చెరి సగం పంచితే ఒక్కో చక్రం సుమారు 0.3 డిగ్రీలు పక్కకి చూస్తున్నట్టు. లెక్క ప్రకారం కిలోమీటరుకు 5 మీటర్లు టైరు పక్కకి ఈడ్చుకుపోతుంది. 60 కిలోమీటర్లు వెళ్తే 300 మీటర్లు! టైరు అరక్క ఏమవుతుంది?

రేపు ఇంటర్వ్యూలో ‘ముందు భాగం దిగిన బండికి అలైన్‌మెంట్ ఎలా చేస్తావ్?’ అని అడిగితే ‘మిషన్ ఎక్కిస్తానండి’ అనకండి. వరస చెప్పండి. మొదట టైర్లలో గాలి, అరుగుదల. తర్వాత రెండు పక్కలా ఎత్తు. ఆపైన కింగ్‌పిన్, బాల్ జాయింట్, టై రాడ్, వీల్ బేరింగుల్లో ప్లే. లోపం ఉంటే ముందు దాన్ని బాగుచేయాలి. అప్పుడే కోణాలు. వీలున్న బండికి క్యాస్టర్, క్యాంబర్ సర్ది, స్టీరింగ్ నిటారుగా బిగించి, చివర్లో టో. ఎందుకు చివర్లో అంటే, మొదటి రెండూ కదిపితే టో మళ్లీ మారుతుంది. ఆఖరున రోడ్డు మీద నడిపి చూడాలి. వాన నీరు పోయేందుకు రోడ్డును అంచులకి వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి బండి కాస్త ఎడమకి జారడం సహజం. అందుకే చదునైన చోట చూసి తేల్చాలి.

ఇంకో మాట కూడా చెప్పగలగాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదు. తయారీదారు స్పెసిఫికేషన్లకు విరుద్ధమైన మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టూ చెప్పింది. పట్టీలు తీసి బండి దించమని అడిగే కస్టమర్‌కి ఆ సంగతి చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమే.

‘మొదట్లో జీతం తక్కువ కదా’ అంటారు. నిజమే, కాదనను. కానీ రావులపాలెం అరటి గెలలు, అంబాజీపేట కొబ్బరి, భీమవరం చేపలు, రొయ్యలు అన్నీ చక్రాల మీదే కదులుతున్నాయి. ఎలక్ట్రిక్ బండ్లొస్తే ఇంజిన్ ఆయిల్ మార్చే పని పోతుందేమో గానీ, టైర్లూ స్టీరింగూ ఎక్కడికీ పోవు. కారణం వెతకగలిగిన వాడు సర్వీస్ అడ్వైజర్ అవుతాడు, ఇన్సూరెన్స్ సర్వేయర్ అవుతాడు, సొంత షెడ్డు పెడతాడు. బటన్ నొక్కడం మాత్రమే తెలిసినవాడి పనిని రేపు మిషనే చేసేస్తుంది.

ఈ వారమే మొదలుపెట్టండి. తెలిసినవాళ్ల బండి ఒకటి తీసుకుని, టేపుతో రెండు పక్కలా ఎత్తు కొలవండి. టైరు అంచులు చేత్తో తడిమి చూడండి. అది ఎందుకలా అరిగిందో నాలుగు వాక్యాలు రాయండి. రెజ్యూమెలో ‘హార్డ్ వర్కర్’ అని రాసుకునే బదులు ఆ నాలుగు వాక్యాలు ఇంటర్వ్యూలో చెప్పండి.

బాబాయి బండికి తీసిన పట్టీలు మళ్లీ వేశారు, బుష్‌లు మార్చారు, టో సర్దారు. ఇప్పుడు టైర్లు సమంగా అరుగుతున్నాయి. షెడ్డులో ఆ కుర్రాడు ఈమధ్య కనిపించాడు. ఒక చేతిలో సెన్సర్, రెండో చేతిలో టేపు.