పరీక్ష ఎవరికి?

“మోనితను చూస్తే ఒళ్ళు మండిపోతుంది” — ఈ వాక్యాన్ని విన్నన్నిసార్లు నేను మరే విమర్శవాక్యాన్నీ వినలేదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సులో విన్నాను. మా వీధి మలుపులో దోసెల బండి దగ్గర విన్నాను. చివరకు మా అధ్యాపకుల గదిలో, ప్రబంధాలు బోధించే పెద్దల నోట కూడా విన్నాను. ఇది సాహిత్య విమర్శ ఎట్లా అవుతుందని మిత్రులు నవ్వవచ్చు. ఒక కల్పిత పాత్ర మంచిచెడ్డలను గురించి ఇంటింటా వాదులాట జరుగుతున్నప్పుడు, అది విమర్శ కాదని తోసిపుచ్చే అధికారం మనకెవరిచ్చారు? జనం దేన్ని చూసి కన్నీళ్ళు పెట్టుకుంటున్నారో, ఎవరిని తిడుతున్నారో పట్టించుకోని అభ్యుదయ విమర్శ ఎవరి అభ్యుదయం కోసం?

“కార్తీకదీపం” స్టార్ మా చానెల్లో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. మలయాళంలో వచ్చిన “కరుత్తముత్తు”కు ఇది తెలుగు రూపం. కథ క్లుప్తంగా ఇది. కార్తీక్ డాక్టరు. అతని భార్య దీప నల్లని పిల్ల. కార్తీక్‌ను కోరుకున్న స్నేహితురాలు మోనిత, ఆమె కూడా డాక్టరే, అతనికి పిల్లలు పుట్టరని అబద్ధపు నివేదికతో నమ్మిస్తుంది. దీప గర్భవతి అవుతుంది. భర్త ఆమె శీలాన్ని శంకిస్తాడు. దీప ఇల్లు విడిచి, కవలలను కని, నలుగురికీ వంటచేసి పెట్టి బతుకుతుంది, “వంటలక్క” అవుతుంది. కవలల్లో ఒకతె తల్లి దగ్గరా, మరొకతె తన సొంత బిడ్డ అని అతనికి తెలియకుండానే తండ్రి దగ్గరా పెరుగుతారు. ఈ కథకున్న బలం ఎంతటిదంటే, అది ముగిసిన తర్వాత 2024 మార్చిలో అదే జంటతో, వేరే కథతో రెండవ భాగం మొదలుపెట్టారు.

ఈ కథను గురించి మా చుట్టుపక్కల జరిగిన వాదాల్లో నాకు మూడు పక్షాలు కనిపించాయి. మొదటిది మోనితను తిట్టే పక్షం, పెద్దది ఇదే. రెండవది, ‘ఆ దీప ఎందుకంత సహిస్తుంది?’ అని దీపనే విసుక్కునే పక్షం. మూడవది చదువుకున్నవాళ్ళ పక్షం: ‘డాక్టరు గదా, ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే మొదటి వారంలోనే కథ కంచికి పోయేది గదా!’ అని నవ్వే పక్షం. ఈ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. కాని ముగ్గురిలోనూ ఒక పోలిక వున్నది. ముగ్గురూ బోనులో స్త్రీనే నిలబెడతారు. మోనిత చెడ్డది, దీప మెతకది, లేదా దీప నిరూపించుకోవాలి. శంకించిన మొగవాడు మాత్రం, పాపం, మోసపోయిన ‘డాక్టర్ బాబు’. నా తగాదా ఇక్కడ.

మోనితను సమర్థించటం నా ఉద్దేశం కాదు. ఆమె చేసింది దుర్మార్గమే. కాని ఒక్క అబద్ధపు కాగితం ఒక కాపరాన్ని కూల్చిందంటే, ఆ కాపరం దేనిమీద నిలిచినట్టు? కాగితం ఇచ్చింది మోనిత, నమ్మింది ఎవరు? భార్య మాట కంటె స్నేహితురాలి కాగితమే బలమైనదని ఎవరు నిర్ణయించారు? భార్య శీలానికి భర్తే న్యాయాధిపతి అనే హక్కును మోనిత కనిపెట్టలేదు. ఆమె పుట్టకముందే ఆ హక్కు ఆ ఇంట్లో వున్నది. మన ఇళ్ళల్లోనూ వున్నది. మోనితలు లేని ఇళ్ళల్లో శంకలు లేవా? అక్కడ ఎవరు వచ్చి నిప్పు పెట్టారు? ఇటువంటి కథల్లో దుష్టపాత్ర చేసే ఉపకారం ఇదే: వ్యవస్థలో వున్న దోషాన్నంతా ఒక మనిషి మెడకు చుట్టి, ఆ మనిషిని మనచేత తిట్టించి, మనల్ని నిర్దోషులుగా ఇంటికి పంపుతుంది. తిట్టినవాళ్ళకు తృప్తి, శంకించినవాడికి విడుదల.

తిట్టటం తెలియని ఊరు కాదు మాది. ఏటా వేసవిలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. ఆడపిల్లలను చెరబట్టిన పాలెగాడిని గంగమ్మ వేటాడిందని కథ. వాడు దాక్కుంటే బైరాగి వేషంలో, బండ వేషంలో, తోటి వేషంలో ఊరంతా వెతికి, చివరకు దొర వేషంలో వాడి తల నరికిందంటారు. జాతరలో వేషాలు కట్టినవాళ్ళు బూతులు తిడతారు. దాక్కున్నవాడికి రోషం పుట్టి బయటికి రావాలని ఆ తిట్లు అని పెద్దలు చెపుతారు. వాడు చచ్చిన తర్వాత మాతంగి వేషంలో పోయి వాడి పెండ్లాన్ని ఓదార్చిందని కూడా చెపుతారు. ఈ జాతరను నేను ఆదర్శంగా చూపటం లేదు. అందులో వున్న మూఢత్వం అందులోనూ వున్నది. కాని ఆ తిట్లకొక దిక్కు వున్నది. అవి చెరబట్టినవాడి గడప వైపు పోతాయి. వాడి ఇంట్లోని ఆడదాన్ని మాత్రం వదిలిపెడతాయి. అదే ఊళ్ళో, అదే ఇళ్ళల్లో, టెలివిజన్ ముందు కూచునేసరికి తిట్లు దారి తప్పాయి. శంకించినవాణ్ణి దాటిపోయి ఆడవాళ్ళ మీద పడ్డాయి. ఇది ముందుకు నడవటమేనా?

ఇక మూడవ పక్షం. ఒకప్పుడు నేనూ ఈ పక్షంవాణ్ణే గనక, దీన్ని గురించి కొంచెం గట్టిగా మాట్లాడే హక్కు నాకున్నది. డీఎన్‌ఏ ద్వారా మనిషిని గుర్తించే పద్ధతిని 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టాడు. 1988 నాటికి హైదరాబాదు సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం మనదైన పద్ధతిని తయారుచేసింది. అంత శాస్త్రం చేతికి అందిన రాష్ట్రాల్లో, డాక్టరే నాయకుడైన కథలో, ఒక శంక ఏళ్ళ తరబడి తీరదు! ఇది శాస్త్రం బొట్టు పెట్టుకున్న పుక్కిటి పురాణమని తరగతిలోనే ఎగతాళి చేశాను.

ఆరోజు చెపుతున్న పాఠం నన్నయ శకుంతలోపాఖ్యానం. దుష్యంతుడు నిండుకొలువులో భార్యనూ బిడ్డనూ ఎరగనంటాడు. శకుంతల ఒంటరిగా నిలబడి వాదిస్తుంది. చివరకు ఆకాశవాణి సాక్ష్యం చెప్పిన తర్వాత రాజు ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటూ అతడు చెప్పేదేమిటి? తనకు నిజం తెలుసుననీ, లోకాపవాదానికి వెరచి ఎరగనట్టు వున్నాననీ! ‘ఆకాశవాణి అంటే ఆ కాలపు డీఎన్‌ఏ పరీక్ష’ అన్నాను నేను. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ చమత్కారంలో ఎంత ఘోరమున్నదో అప్పుడు నాకు తెలియలేదు.

తెలియజెప్పింది అంతకుముందు నా దగ్గర చదివి, పెళ్ళి చేసుకుని వెళ్ళిన ఒక అమ్మాయి. బిడ్డ తన పోలిక కాదని భర్త అన్నాడట. అత్తవారు పరీక్ష చేయించాలన్నారట. సలహా కోసం వచ్చింది. ‘భయమెందుకమ్మా, చేయించు. నిజం నీ పక్షాన వున్నది గదా, వాళ్ళ నోళ్ళు మూతపడతాయి’ అన్నాను, పెద్ద అభ్యుదయవాదినైనట్టు. ఆమె కాసేపు ఊరకుండి, “పరీక్షలో నేనే గెలుస్తా సార్. గెలిచినాక ఆ మనిషితో యెట్ల కాపరం చేసేది?” అన్నది.

దీనికి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఇప్పటికీ లేదు. శకుంతల గెలిచింది. సీత గెలిచింది, గెలిచిన సీతను మళ్ళీ అడవికి పంపారు. ఎందుకు? పరీక్షలో నెగ్గటం వల్ల పరీక్ష పెట్టే హక్కు పోదు గనక. పైగా స్థిరపడుతుంది. ఈసారి నిప్పు బదులు ప్రయోగశాల, ఆకాశవాణి బదులు నివేదిక. పీఠం మీద కూచున్నవాడు మాత్రం మారలేదు.

ఈ మాట అంటే మా ఇంగ్లీషు శాఖ మిత్రుడొకడు ఒప్పుకోలేదు. అతడు అమెరికా టెలివిజన్లో వచ్చే వైజ్ఞానిక కల్పనల అభిమాని. ‘ఇదంతా వెనకబడిన సమాజపు సరుకు. శాస్త్రం ముదిరిన కథల్లో ఈ బాధలుండవు’ అన్నాడు. అయితే ఆ కథల్లో కాపరాలు ఎట్లా వున్నాయో చెప్పమన్నాను. అతడే చెప్పాడు: “స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్” అనే ధారావాహిక 1993 నుంచి 1999 వరకు వచ్చింది. కథ జరిగేది 24వ శతాబ్దంలో. మైల్స్ ఓబ్రయన్ ఇంజనీరు వంటివాడు. అతని భార్య కైకో వృక్షశాస్త్రజ్ఞురాలు. భర్త ఉద్యోగం ఒక అంతరిక్ష కేంద్రానికి మారుతుంది. అక్కడ ఆమె శాస్త్రానికి పని లేదు. పిల్లలకు బడి పెడుతుంది. ఇద్దరికీ తగవులు వస్తాయి. మరి అభిమానుల్లో చాలామందికి గిట్టని పాత్ర ఎవరు? కైకో! ఎప్పుడూ సణిగే పెళ్ళామట. ‘భర్త ఉద్యోగం కోసం తన విద్యను వదులుకున్న మనిషి సణగక పాటలు పాడుతుందా?’ అని అడిగాను. మిత్రుడు నవ్వి, తానూ ఆమెను విసుక్కున్నవాళ్ళలో ఒకడినేనని ఒప్పుకున్నాడు. అక్కడ ఓడలు వెలుతురును మించిన వేగంతో పోతాయి. చూసేవాళ్ళ బుద్ధి మాత్రం మా దోసెల బండి దాటి పోలేదు. శాస్త్రం పెరిగినంత మాత్రాన సంసారం దానంతటది బాగుపడదని చెప్పటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

అయితే నేను శాస్త్రానికి విరోధినా? కాదు. మన దేశంలో డీఎన్‌ఏ సాక్ష్యంతో తేలిన మొదటి పితృత్వ వివాదం కేరళలోని తలశ్శేరి కోర్టుది. లాల్జీ సింగ్ స్వయంగా వెళ్ళి సాక్ష్యం చెప్పాడు. అక్కడ తన బిడ్డకు తండ్రి ఇతడేనని నిలదీసింది స్త్రీ; కాదని తప్పించుకోజూసింది మొగవాడు. పరీక్ష అతణ్ణి పట్టి ఇచ్చింది. అదే పరికరం, అదే శాస్త్రం. తప్పించుకునేవాణ్ణి పట్టుకోవటానికి స్త్రీ అడిగితే అది ఆమె చేతిలో ఆయుధం. ఇంట్లో పెట్టుకుని శంకించేవాడు అడిగితే అది ఆమె మెడకు ఉరి. శాస్త్రం ఎవరి చేతిలో, ఎవరి మీద అనే ప్రశ్న వేయని హేతువాదం సగం హేతువాదమే.

ఇంకొక మాట. కార్తీక్ నిజంగా శాస్త్రజ్ఞుడైతే మొదట ఎవరిని పరీక్షించాలి? తన్ను! మొగవాడి సంతాన యోగ్యతను ఒక్క పరీక్షతో తేల్చకూడదనీ, మళ్ళీ చేసి చూడాలనీ వైద్యులకు తెలియనిది కాదు. భార్యను ఏళ్ళ తరబడి శంకించినవాడికి తన కాగితాన్ని ఒక్కసారి శంకించాలని తోచలేదు. దీన్ని చూసి మోనిత జిత్తులమారితనం అంటున్నాం. మొగతనపు అహంకారం అనటం లేదు. మన చిత్తూరు పల్లెల్లో భారతం ఆడించినప్పుడు, అర్జునుడు తపస్సు మాను ఎక్కిననాడు, పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో నేలమీద వరపడతారు. వాళ్ళ పక్కన మొగుళ్ళు పడుకోవటం నేనెన్నడూ చూడలేదు. డాక్టర్ బాబు ఆ పల్లెకు ఎంత దూరం వచ్చినట్టు?

చట్టం ఈ విషయంలో మన హేతువాదుల కంటె కొంత నయం. పెళ్ళినాళ్ళలో పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే అని 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షను భావించింది. 2024 జులై నుంచి అమలవుతున్న కొత్త చట్టంలోనూ ఆ మాట నిలిచింది. దాని వెనక ఆస్తి, వారసత్వాల చింత వున్నదని నాకు తెలియకపోలేదు. అయినా 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక విడాకుల తగాదాలో, భార్య మీద ఆరోపణను రుజువు చేసుకోవటానికి బిడ్డను డీఎన్‌ఏ పరీక్షకు లాగనివ్వలేదు. బిడ్డకూ ఒక మర్యాద వున్నదన్నది. మన మూడు పక్షాల్లో ఏ ఒక్కటీ ఆ కవలల వైపు నుంచి ఈ మాట అడగలేదు.

చివరగా, ఈ ధారావాహికను చూసే ఆడవాళ్ళను అమాయకులని ఈసడించే పెద్దలకొక మాట. వాళ్ళు ఆమెను ‘దీప’ అని కాదు, ‘వంటలక్క’ అని పిలుచుకున్నారు. మొగుడి పేరుతో కాదు, చేసే పనితో పిలుచుకున్నారు. శంకించిన ఇంటినుంచి బయటికి వచ్చి, రెక్కల కష్టం మీద బిడ్డను సాకిన మనిషిని వాళ్ళు ప్రేమించారు. ఈ కథలోని సత్యం అక్కడ వున్నది. దాన్ని పట్టుకున్నది వాళ్ళే. అబద్ధం ఎక్కడున్నదంటే, అంత కష్టానికీ ఫలం ఆ డాక్టరు నమ్మకమే అని ఆశ పెట్టటంలో వున్నది. ఆశ పెట్టినవాళ్ళను వదిలి ఆశపడ్డవాళ్ళను ఎగతాళి చేయటం విమర్శ కాదు.

నా దగ్గరికి వచ్చిన ఆ అమ్మాయి పరీక్ష చేయించలేదు. ఇప్పుడు చిత్తూరులో ఒక దుకాణంలో లెక్కలు రాస్తూ బిడ్డను చదివించుకుంటున్నది. ‘నిజంగా తప్పు లేకపోతే పరీక్షకు ఎందుకు వెరచింది?’ అని బంధువులు ఇప్పటికీ అంటున్నారట. ఆ అనేవాళ్ళలో మోనితలు ఎవరూ లేరు. అందరూ మనవంటి మంచివాళ్ళే. శకుంతలోపాఖ్యానం ఈ ఏడు మళ్ళీ చెప్పాను. ఆకాశవాణి దగ్గరికి వచ్చినప్పుడు చమత్కారాలాడలేదు. నిజం తెలిసీ కొలువులో ఎందుకు నోరు మెదపలేదని దుష్యంతుణ్ణి అడగమన్నాను పిల్లలను.