లెక్కలోకి రాని ఆదివారము

చదువవలసిన వాక్యభాగములు: లూకా 10:25-37; లూకా 12:47-48



ఒక శనివారం సాయంకాలం మా సంఘములో యౌవనస్థుల కూడిక ముగిసింది. చాపలు చుట్టి పెట్టడం కూడా అయిపోయింది. అయినా ముగ్గురు మాత్రం ఇంటికి వెళ్లకుండా నిలబడ్డారు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక అబ్బాయి. ముగ్గురూ డిగ్రీలో సైకాలజీ, అనగా మనస్తత్వ శాస్త్రము, చదువుతున్న బిడ్డలు.

"అయ్యగారూ, కాలేజీలో మా మేడమ్ గారు ఒక పని అప్పగించారండి. మనుష్యుల ప్రవర్తన గురించి ఒక ప్రశ్న మేమే వేసుకోవాలి. దానికి తగిన ప్రయోగం మేమే తయారు చేసి, చేసి చూసి, క్లాసులో అందరి ముందూ వివరించాలి. మన మందిరం గేటు దగ్గర చేసుకోవచ్చాండీ?" అని ఆ అబ్బాయి అడిగాడు.

ప్రయోగమంటే నాకు తెలిసినది గాజు గొట్టాలు, స్పిరిటు దీపమూను. మనుష్యుల మీద ప్రయోగమేమిటి, అదీ ఆరాధనకు వచ్చేవారి మీద ఏమిటి అని మనస్సు వెనుకాడింది. "ఇంతకీ మీరు ఏమి చూడాలనుకుంటున్నారమ్మా?" అన్నాను.

"మంచి సమరయుడిని చూడాలనుకుంటున్నామండి" అన్నది పెద్దమ్మాయి.

వాళ్ల మేడమ్ గారు క్లాసులో చెప్పిన ఒక పాత ప్రయోగము వాళ్ల మనస్సులో నాటుకున్నదట. ఆ ఉపమానం మీద ఎన్నోసార్లు ప్రసంగించిన నేను ఆ సంగతి మొదటిసారి ఈ బిడ్డల నోటనే విన్నాను. ఆ తరువాత కూర్చుని చదివాను కూడా. అది మీకును చెప్పాలి.

1970 డిసెంబరులో, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో జరిగింది ఇది. జాన్ డార్లీ అనే ఆచార్యుడు, ఆయన వద్ద అప్పుడు పరిశోధన చేస్తున్న డేనియల్ బాట్సన్ అనే విద్యార్థి కలిసి దీనిని తయారు చేశారు. పరీక్షకు నిలిచినవారు ఎవరనుకున్నారు? ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాలలో సేవకు సిద్ధపడుతున్న విద్యార్థులు! వారిలో సగం మందికి మంచి సమరయుని ఉపమానము మీద ఒక చిన్న ప్రసంగము చేయమని చెప్పారు. మిగిలిన సగం మందికి వేదాంతము చదివినవారికి తగిన ఉద్యోగములు ఏవి అనే అంశం ఇచ్చారు. మాట్లాడవలసింది పక్కనున్న మరొక భవనములో. అక్కడికి ఒక సందు గుండా వెళ్లాలి.

బయలుదేరే ముందు కొందరితో "అక్కడివారు సిద్ధపడడానికి ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది, అయినా బయలుదేరండి" అన్నారు. కొందరితో "వారు సిద్ధముగా ఉన్నారు, వెళ్లండి" అన్నారు. మరికొందరితో "అయ్యో, ఆలస్యమైంది! మీ కోసం ఎదురుచూస్తున్నారు, త్వరగా వెళ్లండి" అన్నారు. ఆ సందులో ఒక తలుపు దగ్గర ఒక మనిషి తల వాల్చి, కళ్లు మూసుకొని కూలబడి ఉన్నాడు. దాటిపోయేవారికి అతని దగ్గు, మూలుగు వినబడతాయి. అతడు నిజముగా రోగి కాడు, ప్రయోగంలో భాగమే. అయితే వెళ్లేవారికి ఆ సంగతి తెలియదు.

మొత్తం 40 మందిలో ఏదో ఒక విధముగా సహాయం చేసినవారు 16 మంది, చేయనివారు 24 మంది. తొందర లేనివారిలో నూటికి 63 మంది సహాయం చేశారు. కొంచెం తొందరలో ఉన్నవారిలో నూటికి 45 మంది. బాగా తొందరలో ఉన్నవారిలో నూటికి 10 మంది మాత్రమే! సమరయుని గురించి మాట్లాడబోతున్నారా, ఉద్యోగముల గురించి మాట్లాడబోతున్నారా అన్నది లెక్కించదగినంత తేడా ఏమీ చూపలేదు. సమరయుని గురించి చెప్పడానికి పరుగెడుతూ, కూలబడిన మనిషి మీదుగా దాటి వెళ్లినవారు కూడా ఉన్నారు.

ఒక మాట న్యాయముగా చెప్పుకోవాలి. వారందరూ రాతిగుండెవారు కారు. ఆగకుండా వెళ్లినవారిలో కొందరు అవతలి భవనము చేరేటప్పటికి కలవరపడుతూ కనిపించారని ఆ పరిశోధకులే వ్రాశారు. అక్కడ తమ కోసం ఎదురుచూస్తున్నవారు ఒకవైపు, ఇక్కడ పడి ఉన్నవాడు ఒకవైపు. ఆ రెంటి మధ్య నలిగి వెళ్లిపోయారు.

ఇక మా బిడ్డల ప్రయోగానికి వస్తాను. "పడిపోయినట్లు, జబ్బు చేసినట్లు నటించడం మన మందిరం దగ్గర వద్దు" అన్నాను. వారు ఒప్పుకున్నారు. మా సంఘములో స్త్రీలు ప్రతిరోజూ వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు ప్రభువు కోసం వేరుగా తీసిపెట్టి, నెలకొకసారి మందిరానికి తెస్తారు. అటువంటి సంచి ఒకటి గేటు దగ్గర ఒలికిపోతే ఎవరు ఆగుతారు? ఇదే వారి ప్రశ్న. దానికి వారి స్వంత డబ్బుతో బియ్యం కొన్నారు. మనిషి ఒకరే, సంచి ఒకటే, చోటు ఒకటే. మారేది సమయము మాత్రమే. ఒక ఆదివారం మొదటి గంటకు, ఒక ఆదివారం రెండవ గంట కొట్టిన తరువాత. ఒకటి తప్ప మిగిలినవన్నీ మారకుండా ఉంచితేనే ఆ ఒక్కదాని ప్రభావము తెలుస్తుందని ఆ అబ్బాయి నాకు పాఠం చెప్పాడు. అతడు వేపచెట్టు కింద కూర్చుని వ్రాసుకోవాలి. చూడకుండా వెళ్లినవారు, చూసి వెళ్లినవారు, ఆగి ఒక మాట అన్నవారు, వంగి ఎత్తినవారు అని నాలుగు గడులు ముందే గీసుకున్నాడు.

నేను మూడు షరతులు పెట్టాను. ఎవరి పేరూ వ్రాయకూడదు. అయిపోయిన తరువాత సంఘము ముందు నిలబడి జరిగినదంతా దాచకుండా చెప్పాలి. ఆ బియ్యం ఒక్క గింజ కూడా పారేయకూడదు, కడిగి ప్రేమ విందుకు ఇవ్వాలి.

మూడవ ఆదివారం ఉదయం పక్క ఊరిలో ప్రార్థన ముగించుకొని వస్తుంటే నా స్కూటరు పంక్చరయింది. మందిరం చేరేటప్పటికి రెండవ గంట కొట్టేశారు. మొదటి కీర్తన కూడా ఎత్తుకున్నారు. గేటు దగ్గర నేల మీద బియ్యం. చెంగు తల మీద కప్పుకున్న ఒక స్త్రీ చతికిలబడి దోసిళ్లతో ఎత్తుతున్నది. "బిడ్డలు ఈరోజు మనిషిని మార్చారు కాబోలు, బాగానే చేస్తున్నారు" అనుకున్నాను. గింజలు తొక్కకుండా జాగ్రత్తగా పక్కనుండి నడిచి లోపలికి వెళ్లిపోయాను. ఆ రోజు ప్రసంగము బాగుందని ఇద్దరు పెద్దలు మెచ్చుకున్నారు కూడా.

నెల గడిచాక, కాలేజీలో చెప్పే ముందు, బిడ్డలు ఆ ప్రయోగాన్ని యౌవనస్థుల కూడికలో మాకు వివరించారు. గోడకు చార్టు తగిలించారు. మొదటి గంటకు వచ్చినవారిలో దాదాపు అందరూ ఆగారు. రెండవ గంట తరువాత వచ్చినవారిలో ఎక్కువమంది చూసి కూడా వెళ్లారు. "మన సంఘస్థులు చెడ్డవారని దీని అర్థం కాదు. ఉదయం ఆగినవారిలాంటివారే ఆలస్యమైనప్పుడు ఆగలేదు. మేము చూసింది కొద్దిమందినే, ఒక్క చోటనే. కనుక మనుష్యులందరూ ఇంతేనని చెప్పకూడదు" అని పెద్దమ్మాయి ఎంతో వినయముగా ముగించింది. నాకు సంతోషమనిపించింది.

నవ్వుతూ అన్నాను: "మూడవ ఆదివారం నేను కూడా చూసి వెళ్లినవాడినే. నన్ను ఏ గడిలో వేశారు?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మీకు ముందే తెలుసు కదండీ. తెలిసినవారిని లెక్కలోకి తీసుకోము" అన్నాడు అబ్బాయి. పెద్దమ్మాయి తల దించుకొని మెల్లగా అన్నది: "పైగా ఆ ఆదివారం మేము చేయనే లేదండి అయ్యగారూ. నాకు జ్వరం. తరువాతి వారానికి వాయిదా వేశాము."

ఆమె ఎవరో అప్పుడు విచారించాను. కూలిపని చేసుకొని ఒంటరిగా బ్రతికే ఒక ముసలి తల్లి. అది ఆమె నెలంతా తీసిపెట్టిన పిడికెడు బియ్యం. సంచి అడుగు చిరిగింది. మన గేటు బయట బఠాణీల బండి పెట్టుకునే సోదరుడు, మన సంఘస్థుడు కాడు, బండి వదిలి వచ్చి తన పాత కాగితాలలో ఆ బియ్యం ఎత్తి పెట్టాడట.

ఆ సాయంకాలమే ఆమె ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆమె కంగారుపడింది. "అదేమిటయ్యా! మీరు వాక్యం చెప్పాలి గదా, ఆలస్యమవుతుందని నేనే అనుకున్నాను" అన్నది. ఆమె కోపపడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ప్రియులారా, ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది "తెలిసినవారిని లెక్కలోకి తీసుకోము" అన్న ఆ అబ్బాయి మాట. ప్రయోగములో అది సరియైన నియమము. కాని లూకా 12:47-48 చదవండి. యజమానుని చిత్తము తెలిసియుండి దాని ప్రకారము చేయని దాసుని గూర్చి, తెలియక తప్పిన దాసుని గూర్చి ప్రభువు చెప్పిన మాటలు అక్కడ ఉన్నాయి. బిడ్డల చార్టులో తెలిసినవాడు లెక్క నుండి తప్పించుకుంటాడు. ప్రభువు లెక్కలో తెలిసినవాడినే ఎక్కువ అడుగుతారు. నాకు ఉపమానం తెలుసు. ప్రయోగం తెలుసు. ప్రిన్స్‌టన్ సంగతి కూడా తెలుసు. ఆ తెలివి నా నడుమును ఒక్కసారి కూడా వంచలేదు సరికదా, ఆ స్త్రీ ముఖం చూడకుండా పోవడానికి నాకొక సాకును ఇచ్చింది.

తొందర పాపమా? మార్కు సువార్త 5వ అధ్యాయము చూడండి. యాయీరు కుమార్తె చావుబ్రతుకులలో ఉన్నది. ఆ ఇంటికి వెళ్తున్న ప్రభువు కంటే తొందరపడవలసినవారు ఎవరు? అయినా తన వస్త్రము ముట్టిన ఒక స్త్రీ కోసం ఆయన దారిలో నిలిచిపోయారు. ఆమెను చూశారు, ఆమె చెప్పినదంతా విన్నారు, ఆమెను కుమారీ అని పిలిచారు. ఆ చిన్నది కూడా బ్రతికింది. పని ఉండడం తప్పు కాదు. ఆ పనిలో ఎదుటి మనిషి ముఖం కనబడకపోవడమే మన రోగము.

ఇది గేటు దగ్గరే కాదు, మన ఇళ్లలోనూ ఉన్నది. బస్సు వేళయిందని, బడి వేళయిందని, ఆఖరికి కుటుంబ ప్రార్థన వేళయిందని, ఏదో చెప్పాలని వచ్చిన బిడ్డను ఎన్నిసార్లు "తరువాత" అని పంపించాము? మంచాన ఉన్న అత్తగారో మామగారో పిలిస్తే, వినీ విననట్లు ఎన్నిసార్లు గడప దాటాము?

ఇప్పుడు నేను ఆదివారం ఉదయం పక్క ఊరి ప్రార్థన అరగంట ముందే మొదలుపెడుతున్నాను. మంచివాడినయ్యానని కాదు. తొందరలో నేనెటువంటివాడినో తెలిసింది గనుక. రెండవ గంటకు ఇద్దరు యౌవనస్థులు గేటు దగ్గరే నిలబడుతున్నారు, ప్రయోగానికి కాదు, చేయి అందించడానికి.

తల్లిదండ్రులకు ఒక మాట. మన బిడ్డలు మనస్తత్వ శాస్త్రము వంటివి చదివితే విశ్వాసము పోగొట్టుకుంటారేమోనని భయపడకండి. వారు ప్రశ్నలు తెచ్చినప్పుడు కూర్చుని వినండి. నేను వేదాంతం చదివిన సంవత్సరాలలో నాకు పట్టుబడని ఒక పాఠం, ముగ్గురు డిగ్రీ విద్యార్థులు ఒక చార్టుతో నేర్పించారు.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు: ఈ వారంలో మన ఇంట్లో ఎవరి మాట మనము తొందరలో వినలేదు? రేపు ఎక్కడికైనా పది నిమిషాలు ముందుగా బయలుదేరగలమా?

ప్రార్థన: ప్రభువా, మాకు తెలిసినది చాలా ఉన్నది, చేసినది కొంచెమే. పరుగులో ఉన్న మా కాళ్లను ఆపుము. దారి పక్కనున్నవారి ముఖము మాకు కనబడనిమ్ము. ఆమేన్.